మెలోడీ ప్రోగ్రాం ఒప్పుకున్నారా? బరంపురం వైపు పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ కొన్ని మాటలు

రామనవమి పందిళ్లు, వినాయక చవితి, దసరా, పెళ్లి రిసెప్షన్లు, కార్తీకంలో గుళ్లు. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మనవాళ్లు పాడని సందర్భం లేదు. ఇలా స్టేజీ మీద పాడి వాయించే ప్రోగ్రాంని ఇక్కడ మెలోడీ అంటారు, ఆర్కెస్ట్రా అన్నా తెలుస్తుంది. మంచి గొంతులున్నాయి, మంచి చేతులున్నాయి, అయినా చాలా గ్రూపుల ప్రోగ్రాం అతుకులబొంతలా ఉంటుంది. ఎందుకంటే అందరూ పాటని ప్రాక్టీస్ చేస్తారు. పాట ఎలా మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఒక పాట అయ్యాక ఇంకోటి ఎత్తుకునే లోపల ఏం జరగాలి అన్నది మాత్రం స్టేజీ ఎక్కాక చూసుకుందాంలే అని వదిలేస్తారు. నా దృష్టిలో లైవ్ ప్రోగ్రాం బాగుండడం, బాగోకపోవడం అనేది మూడొంతులు ఈ అతుకుల దగ్గరే తేలుతుంది. చరణంలో ఒక స్వరం తప్పితే జనం క్షమిస్తారు, అసలు చాలామంది గమనించరు. కానీ పాట అయిపోయాక కీబోర్డు అతను తలవంచుకుని బటన్లు నొక్కుతూ, గాయని ఫోన్‌లో లిరిక్స్ వెతుక్కుంటూ, తబలా అతను సుత్తితో టక్ టక్ కొట్టుకుంటూ ఒక నిమిషం గడిచిందంటే ముందు వరసలో పిల్లలు లేచి ఐస్‌క్రీమ్ బండి దగ్గరికి పోతారు, వాళ్ల వెనకాలే అమ్మలూ పోతారు.

ఒప్పుకునే ముందు కమిటీని అడగాల్సినవి

ఎన్నింటికి మొదలు అన్నది కాదు, ఎన్నింటికి ఆపాలి అన్నది మొదట అడగండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్ వాడకూడదు. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. మీ ప్రోగ్రాం రోజు ఆ సడలింపులో ఉందా, మైక్ పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకున్నారా అని కమిటీని సూటిగా అడగండి, మొహమాటం వద్దు. కార్డు మీద ఏడు గంటలకి అని ఉంటుంది. హారతి, పెద్దల ప్రసంగాలు, శాలువాలు, దాతల పేర్లు చదవడం, ఇవన్నీ అయ్యేసరికి ఎనిమిదిన్నర. పదింటికి ఆపాల్సి వస్తే మీ చేతిలో ఉన్నది గంటన్నరే. అందుకని మూడు గంటల లిస్టు రాసుకుని అసలు పాటలన్నీ చివరికి దాచుకోవడం శుద్ధ దండగ. తప్పనిసరిగా పాడాల్సిన పాటలు ముందు గంటలోనే రావాలి, వదిలేసినా బాధలేని పాటల పక్కన లిస్టులోనే ఒక గుర్తు పెట్టుకోవాలి.

జనరేటర్ ఎవరిది, మైక్ సెట్ ఎవరిది, ఎన్ని మైకులు, ఎన్ని మానిటర్లు (పాడేవాళ్లకి తమ శబ్దం వినబడేలా వాళ్లవైపు తిప్పి పెట్టే స్పీకర్లు), స్టేజీకి పైన కప్పు ఉందా? తర్వాత ఇంకొకటి, మనవైపు ఇది చాలా ముఖ్యం: ఆ రాత్రి ఆ వీధిలో ఇంకేం జరుగుతోంది? బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణీ యాత్ర వస్తుంది, దాదాపు నెల రోజులు ఊరంతా డప్పులూ వేషాలే. అలాంటప్పుడు మీరు మెల్లటి పాట ఎత్తుకోగానే పక్క సందులోంచి ఊరేగింపు వస్తే దాని మీద అరిచి గెలవాలని చూడకండి, గెలవలేరు. పాట పల్లవి దగ్గర ముగించేసి, అమ్మవారికి రెండు చేతులూ జోడించి, ఊరేగింపు పోయేదాకా ఆగండి. ఆ గౌరవం జనం చూస్తారు, తర్వాత పాటకి మరింత శ్రద్ధగా వింటారు.

పాటల లిస్టు

ఇక్కడ ఎదురుగా కూర్చునేవాళ్లలో సగం తెలుగు, సగం ఒడియా, రైల్వే కాలనీ దగ్గరైతే హిందీ, బెంగాలీ కూడా. కొన్ని గ్రూపులు ముందు తెలుగు పాటలన్నీ పాడేసి ఆ తర్వాత ఒడియా, ఆ తర్వాత హిందీ అని విడగొడతాయి. దానివల్ల ఏ సమయంలో చూసినా సగం మంది ఫోన్ చూసుకుంటూ ఉంటారు. కలిపేయండి. రెండు తెలుగు, ఒక ఒడియా, ఒక హిందీ, మళ్లీ తెలుగు అన్నట్టు వెళ్తే ఎవరి పాట కోసం వాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు. మొదలు మాత్రం ఇద్దరికీ సొంతమైనదానితో ఉండాలి. జయదేవుని అష్టపది ఒకటి నేర్చుకోండి. పూరీ గుడిలో పాడేదీ అదే, మన భజన మందిరాల్లో పాడేదీ అదే, రాగం మారుతుంది అంతే. ఎస్. జానకి గారు ఒడియాలో కూడా ఎన్నో పాటలు పాడారు, ఆ పాటల్లో ఒకటి మీ గాయనికి అబ్బితే రెండు వైపుల పెద్దవాళ్లూ ఒకేసారి తలలూపుతారు.

ఒడియా పాటని తెలుగు లిపిలో రాసుకుని అలాగే పాడేయకండి. మనం అకారం పలికే చోట వాళ్లు దాదాపు ఒకారం పలుకుతారు. జగన్నాథ అని మనం అనేది వాళ్ల నోట జొగొన్నాథొ అన్నట్టు వినిపిస్తుంది. మనకి కలిసొచ్చే విషయాలు రెండున్నాయి. హిందీలోలా పదం చివర అచ్చు మింగేయడం ఒడియాలో లేదు, మనలాగే చివరిదాకా పలుకుతారు. ళ కూడా వాళ్లకి ఉంది. అందుకే కాస్త కష్టపడితే మనవాళ్ల ఒడియా చాలా బాగుంటుంది. ఒక ఒడియా స్నేహితుడి దగ్గర కూర్చుని, పాట కాకుండా ముందు సాహిత్యాన్ని మాటలుగా చదివించుకుని రికార్డు చేసుకోండి. అర్థం కూడా అడగండి, అర్థం తెలియకుండా పాడితే ఊపిరి తప్పు చోట తీసుకుంటారు.

ఇక శ్రుతి. లిస్టులో ప్రతి పాట పక్కన ఎవరి గొంతుకి ఏ శ్రుతి అన్నది రాసి ఉండాలి, హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటిన్నర, రెండు, ఐదున్నర, ఏదైనా సరే. సినిమాలో ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలోనే పాడాలన్న రూలు ఎక్కడా లేదు. పాటలో అన్నిటికన్నా పై స్వరాన్ని రిహార్సల్ మొదట్లో కాకుండా చివర, గంటన్నర పాడి అలసిపోయాక పరీక్షించండి. అప్పుడు హాయిగా అందితేనే ఆ శ్రుతి మీది, లేకపోతే ఒక మెట్టు దించండి. పై స్థాయి పాటలు రెండు వరసగా ఒకే మనిషికి పెట్టకండి. యుగళగీతాల్లో ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది, ఆయనకి కుదిరింది ఆవిడకి కుదరదు. అప్పుడు ఎవరి గొంతు పాటని ఎక్కువ మోస్తుందో వాళ్లకి కుదిరేలా శ్రుతి పెట్టి, రెండోవాళ్లు ఒకటి రెండు చోట్ల వరస మార్చుకోవడమే మేలు.

రిహార్సల్ అంటే పాటలు పాడుకోవడం కాదు

పాటలు ఎవరింట్లో వాళ్లు నేర్చుకుని రావాలి. నలుగురు కూడిన రోజున చేయాల్సింది వేరు.

మొదలు: తాళం ఎవరు అందిస్తారు? ఒక్కరే అందించాలి, అది ఎవరన్నది పాట పాటకీ రాసి ఉండాలి. స్టేజీ మీద గుండె వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి ఆ హుషారులో వన్ టూ త్రీ ఫోర్ అన్నది ఇంట్లో కన్నా ఎప్పుడూ వేగంగానే వస్తుంది, ఆ వేగంలో చరణంలో మాటలు పట్టవు, గాయకుడు కొట్టుకుపోతాడు. మందు ఏంటంటే, లెక్క అందించే ముందు ఆ పాటలో మాటలు ఎక్కువగా ఇరుక్కుని ఉన్న లైను ఒకటి మనసులో పాడుకోవాలి, ఆ లైను హాయిగా నోటికి వచ్చే వేగమే అసలు వేగం. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టి నిమిషానికి ఎన్ని దెబ్బలో కూడా లిస్టు మీద రాసుకోండి, డ్రమ్స్ అతను పాటకి ముందు ఒక్కసారి యాప్‌లో ఆ వేగానికి మిణుకుమనే వెలుగు చూసుకుంటే చాలు.

ముగింపు ఇంకా పెద్ద విషయం. సినిమా పాటలు చాలావాటిలో చివర శబ్దం మెల్లగా తగ్గిపోతుంది, రికార్డింగ్‌లో అది కుదురుతుంది, స్టేజీ మీద కుదరదు. కాబట్టి ఆ పాటలన్నిటికీ మీరే ముగింపు కట్టాలి. మన కచేరీ సంప్రదాయంలో తీర్మానం ఉంది, ఒకే జతిని, అంటే దెబ్బల వరసని, మూడుసార్లు వాయించి ఠక్కున సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద వాలడం, అది సినిమా పాటకీ అద్భుతంగా పనిచేస్తుంది. పల్లవి చివరి ముక్క మూడుసార్లు అని, మూడోసారి అందరూ ఒకే దెబ్బ మీద ఆగడం. మెల్లటి పాటైతే చివరి లైను తాళం వదిలేసి గాయకుడు సాగదీసి పాడతాడు, అందరూ ఆయన నోటివైపు చూసి ఆఖరి అక్షరం మీద కలుస్తారు. ఏ పాటకి ఏ ముగింపో ముందే ఖాయం చేసి, ముగింపులు మాత్రమే, పాట లేకుండా, పదిసార్లు చేయండి. విసుగ్గా ఉంటుంది. చప్పట్లు పడేది మాత్రం సరిగ్గా అక్కడే.

చరణాల మధ్య వచ్చే మ్యూజిక్ బిట్లు సినిమాలో నలభై వయొలిన్లతో ఉంటాయి, మీ దగ్గర ఒక కీబోర్డు, ఒక ఫ్లూటు. ఉన్నదంతా వాయించాలని చూడకండి. సగానికి కోసి, వినగానే గుర్తుపట్టే వరస ఒక్కటి ఉంచి, అది శుభ్రంగా వాయించండి. ఎక్కడ కోశారో అందరి కాగితాల మీదా ఉండాలి.

రెండు పాటల మధ్య ఖాళీ గురించి హరికథ దాసుగార్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది. మన పక్కనే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు పెంచి పోషించిన కళ అది, 1919లో అక్కడ మొదలైన సంగీత పాఠశాలకి మొదటి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. హరికథలో మాటకీ పాటకీ మధ్య గోడ ఉండదు. వచనం చెబుతూ చెబుతూ ఆఖరి మాట మీదే పాట ఎత్తుకుంటారు, వెనకాల శ్రుతి ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మీరూ అదే చేయండి. పాట అవ్వగానే కీబోర్డు అతను తర్వాతి పాట శ్రుతిలో షడ్జమం, పంచమం (స, ప) మెత్తగా పట్టుకుని ఉంచాలి. యాంకర్ రెండు వాక్యాలు మాట్లాడేలోపు గాయనికి శ్రుతి చెవిలో కుదురుకుంటుంది, తబలా అతనికి చూసుకునే వ్యవధి దొరుకుతుంది, జనానికి ఖాళీ కనబడదు. యాంకర్ మాట్లాడే రెండు వాక్యాలు కూడా రిహార్సల్లో మాట్లాడించండి. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, అంతే, ప్రసంగం వద్దు.

ఆఖరి రిహార్సల్ మాత్రం గడియారం పెట్టుకుని, నిలబడి, మొదటి పాట నుంచి చివరి దాకా ఆగకుండా చేయాలి. తప్పు వచ్చినా ఆపకూడదు. తప్పు వచ్చాక ఎలా కలుసుకోవాలన్నది కూడా నేర్చుకోవాల్సిందే, ప్రతిసారీ ఆపేసి మళ్లీ మొదలెడితే అది ఎప్పటికీ రాదు. ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి, ఆ రాత్రే వింటే అలసటలో అంతా చెత్తగానో అంతా గొప్పగానో వినిపిస్తుంది.

గొంతు, వాయిద్యాలు

గొంతు సంగతి చాలామంది రాస్తారు కాబట్టి క్లుప్తంగా. ముందు రోజు నిద్ర పోగొట్టుకోకండి. నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా తాగండి, స్టేజీ ఎక్కే ముందు లీటరు తాగితే గొంతుకి వెంటనే ఏమీ అందదు, ఇబ్బంది తప్ప. కమిటీ వాళ్లు ప్రేమగా మిరపకాయ బజ్జీలు పెడతారు, పాడేవాళ్లు ప్రోగ్రాం అయ్యాకే ముట్టండి. మంద్ర స్థాయిలో, అంటే కింది స్వరాల్లో, ఆ అంటూ అకార సాధకం పావుగంట, పెదాలు బుర్రుమనిపిస్తూ పైకీ కిందకీ ఒక పది నిమిషాలు. గొంతు బొంగురుపోతే గుసగుసలు మాట్లాడకండి, అది గొంతుకి మామూలు మాటకన్నా ఎక్కువ శ్రమ, పూర్తిగా మౌనంగా ఉండండి.

వాయిద్యాల విషయంలో మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గోపాల్‌పూర్ వైపు సముద్రపు తేమకి తబలా, డోలక్, మృదంగం చర్మాలు వదులైపోతాయి. ఏసీ కారులో తెచ్చి వెంటనే శ్రుతి చేస్తే అరగంటలో మళ్లీ మారిపోతుంది. అరగంట ముందే స్టేజీ మీద పెట్టి, ఆ గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు శ్రుతి చేయండి. మృదంగం తొప్పికి, అంటే ఎడమవైపుకి, రవ్వ ముద్ద పెట్టడం కూడా అప్పుడే. స్టేజీ లైట్ల వేడికి ఫ్లూటు శ్రుతి పైకి పోతుంది, గిటారు, వయొలిన్ తీగెలు కిందకి జారతాయి, అంటే ఇద్దరూ చెరోవైపు పోతున్నారన్నమాట, కాబట్టి మూడు నాలుగు పాటలకోసారి చూసుకోవాలి. హార్మోనియం ఉంటే దాని శ్రుతి మార్చలేం, అందుకే కీబోర్డులో ట్యూనింగ్ సెట్టింగ్‌ని హార్మోనియంకి సరిపడా జరిపి మిగతావాళ్లు దాన్ని పట్టుకోవాలి. గిటారుకి కొత్త తీగెలు ప్రోగ్రాం రోజు వేయకండి, రెండు మూడు రోజుల ముందు వేస్తే సాగి కుదురుకుంటాయి.

మైక్ సెట్ దగ్గర

ముందు కరెంటు, ఎందుకంటే ఇది ప్రాణాల సంగతి. తడిసిన స్టేజీ మీద చెప్పుల్లేకుండా నిలబడి గిటారు తీగె పట్టుకుని మైక్‌కి పెదవి ఆనిస్తే షాక్ కొట్టే ప్రమాదం నిజంగా ఉంది. మిక్సర్, కీబోర్డు, గిటారు ఆంప్లిఫయర్ అన్నీ ఒకే చోటినుంచి, ఒకే ఎర్త్ మీద కరెంటు తీసుకోవాలి. వేరువేరు చోట్ల నుంచి తీసుకుంటే గుయ్యిమని హమ్ కూడా వస్తుంది. ఆ హమ్ పోవడానికి కొందరు ప్లగ్‌కి ఎర్త్ పిన్ తీసేస్తారు, ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడిపోయే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఒకటి స్టేజీ లైనుకి పెట్టించమని కమిటీని అడగండి. వాన మొదలై స్టేజీ తడుస్తుంటే ఆపేయండి, ఎంత డబ్బు తీసుకున్నా సరే.

సౌండ్ అతన్ని పేరు పెట్టి, మర్యాదగా పిలవండి. మీ రాత్రంతా ఆయన వేళ్ల మీద ఉంది. "భాయి, నా మానిటర్‌లో హార్మోనియం కొంచెం తగ్గించండి, గొంతు కొంచెం పెంచండి" అని ఒక్క మాటలో, ఏం కావాలో చెప్పండి. "సౌండ్ బాలేదు" అంటే ఆయన చేయగలిగేది ఏమీ లేదు. అందరూ "నాది పెంచండి" అంటే చివరికి కూత వస్తుంది, అంటే స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి వెళ్లి కీచుమంటుంది, అందుకని ఎప్పుడూ ముందు ఏది తగ్గించాలో అడగండి.

కూత రాకుండా ఉండాలంటే పెద్ద స్పీకర్లు మైకుల వరసకి ముందు ఉండాలి, వెనక కాదు. మామూలుగా పాటకి వాడే కార్డియాయిడ్ మైక్ ముందు నుంచి వచ్చేది తీసుకుంటుంది, వెనక నుంచి వచ్చేది వదిలేస్తుంది, కాబట్టి మానిటర్ మైక్‌కి సరిగ్గా వెనకవైపు ఉండాలి. మైక్ జాలీని గుప్పిట్లో మూసి పట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి, అలా పట్టుకుంటే ఆ గుణం పోయి కూత పెడుతుంది. నోటికి దగ్గరగా పెడితే కింది స్వరాలు బరువుగా వస్తాయి, పై స్వరానికి నాలుగు వేళ్లు దూరం జరపాలి. ఇది ఇంట్లో గరిటె పట్టుకుని కూడా ప్రాక్టీస్ చేయొచ్చు.

మనవైపు వీధి పొడవునా హార్న్ స్పీకర్లు కడతారు కదా, వాటి శబ్దం విని తాళం వేయకండి. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే 34 మీటర్ల దూరంలో ఉన్న హార్న్ నుంచి మీకు చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. దాన్ని పట్టుకుంటే ప్రతి దెబ్బా వెనకబడుతుంది, పాట మొత్తం ఈడ్చుకుంటూ పోతుంది. చెవి మానిటర్ మీద, కన్ను డ్రమ్స్ అతని చేతి మీద. ఎకో కూడా తగ్గించమనండి. గోడలున్న సందుల్లో ఎకో దానంతట అదే ఉంటుంది, పైన ఇంకో ఎకో వేస్తే మాట ఒక్కటీ అర్థం కాదు, తెలుగు రాని శ్రోత సంగతి సరే, తెలుగు వచ్చినవాడికీ అర్థం కాదు.

స్టేజీ ఎక్కాక

మొదటి పాట మధ్యస్థ వేగంలో, అందరికీ కొట్టిన పిండి అయినదై ఉండాలి, పై స్థాయి ఉండకూడదు. ఎందుకంటే ఆ పాట నడుస్తుండగా సౌండ్ అతను ఇంకా సర్దుతూనే ఉంటాడు, మీ టెన్షన్ కూడా అప్పుడే ఎక్కువ. టెన్షన్‌కి నాకు తెలిసిన నమ్మకమైన ఉపాయం, ఊపిరి తీసుకున్న దానికన్నా రెట్టింపు సేపు వదలడం, అలా ఓ పదిసార్లు, మైక్‌కి దూరంగా. చేతులు చల్లబడితే వాయించేవాళ్లు గోరువెచ్చని నీళ్ల సీసా పట్టుకోండి.

సైగలు ముందే పెట్టుకోండి. తల మీద చెయ్యి పెడితే పల్లవికి వచ్చేయమని, పిడికిలి చూపిస్తే ముగించమని. ఎవరైనా చరణం మర్చిపోయి తప్పిపోతే అందరూ కలుసుకునే చోటు పల్లవి, అది ఒప్పందం. తప్పిన మనిషి వైపు ఎవరూ తిరిగి చూడకూడదు. జనానికి తప్పు తెలిసేది పాటలో కాదు, మీ మొహాల్లో.

చీటీలు వస్తాయి, మధ్యలో నోటు పెట్టి మరీ. రిహార్సల్ చేయని పాట ఎంత పెద్దమనిషి అడిగినా పాడకండి. "బాబుగారూ, మీరు అడిగిన పాట ఇంకోసారి బాగా నేర్చుకుని పాడతాం, ఈసారికి అదే గాయకుడిది ఇంకోటి వినండి" అని నవ్వుతూ చెప్తే నొచ్చుకునేవాళ్లు తక్కువ. దానికోసం లిస్టు బయట మూడు నాలుగు పాటలు సిద్ధంగా ఉండాలి.

కరెంటు పోతుంది. జనరేటర్ అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల కోసం ఒక పాట విడిగా పెట్టుకోండి, మైక్ లేకుండా హార్మోనియం, డోలక్, చప్పట్లతో నడిచే భజన ఏదైనా, జగన్నాథుడిదో రాముడిదో, అందరూ అందుకునేది. స్టేజీ అంచుకి వచ్చి కూర్చుని పాడండి. కరెంటు రాగానే ఆపేయకండి, ఆ భజన పూర్తి చేసి అప్పుడు మైక్ అందుకోండి.

టైమ్ దగ్గర పడుతుంటే గ్రూపులో ఒకరి పని గడియారం చూడడమే అయ్యుండాలి. ఆపాల్సిన సమయానికి పదిహేను నిమిషాల ముందు మధ్యలో ఎన్ని పాటలున్నా కొట్టేసి ఆఖరి పాటకి దూకేయండి. ఆఖరి పాట పోలీసు జీపు వచ్చి ఆపించేలా ఉండకూడదు, మీ తీర్మానం మీదే ఆగాలి.

మర్నాడో ఆ మర్నాడో అందరూ కూర్చుని రికార్డింగ్ వినేటప్పుడు పాటలు మొత్తం వినక్కర్లేదు. ప్రతి పాటలో మొదటి పదిహేను సెకన్లు, చివరి పదిహేను సెకన్లు, మధ్య ఖాళీలు వినండి. ఒక్కొక్క ఖాళీ ఎంతసేపు ఉందో పాత లిస్టు మీదే రాసి, అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న రెండిటిని వచ్చే ప్రోగ్రాం రిహార్సల్లో మొదట పట్టుకోండి.